తమ్ముడికి వేసిన నీడ

"కొంచెం ఎడంగా జరగండమ్మా. చక్రిబాబుకి చోటు వదలండి" అన్నాడు ఫొటోగ్రాఫర్ బుజ్జిబాబు.

అప్పగింతలు అప్పుడే అయ్యాయి. పెళ్ళికూతురు పల్లవి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టడం, ఏడవాల్సినవాళ్ళంతా ఏడవడం పూర్తయ్యి, ఆడపెళ్ళివారి కుటుంబం ఫొటోకి నిలబడింది. చక్రిబాబంటే పల్లవి అన్నయ్య చక్రధర్. అతను పోయి ఏడాది దాటింది. సామర్లకోట కాలవ రోడ్డు మీద అతని మోటారుసైకిల్ని లారీ గుద్దేసింది. సంవత్సరీకం పెట్టాకే ఈ పెళ్ళికి ముహూర్తం పెట్టించారు. అయినా బుజ్జిబాబు ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, చక్రి చెయ్యి కడుక్కోడానికి వెళ్ళాడు, ఇప్పుడొచ్చేస్తాడు అన్నట్టే అన్నాడు.

పెళ్ళిళ్ళ ఫొటోలు తీసేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. పోయినవాళ్ళని తరవాత బొమ్మలో కలపమని ఇంటివాళ్ళు ఎలాగూ అడుగుతారు. అప్పుడు ఖాళీ లేకపోతే బతికున్నవాళ్ళ భుజమో చెయ్యో కోసెయ్యాల్సి వస్తుంది. అందుకని ముందే జరిపి చోటు చేయిస్తారు. తల్లి వీరవేణి తన ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడింది. ఆ చోటుకి అవతల పెద్దకూతురు హైమ నిలబడింది. నవ్వమంటే ఇద్దరూ నవ్వారు.

ఆల్బం వచ్చింది. చక్రి ఆ ఖాళీలో నిలబడే ఉన్నాడు. అన్నవరంలో స్నేహితుడి పెళ్ళికి వెళ్ళినప్పుడు తెల్లచొక్కాలో తీయించుకున్న ఫొటోలోంచి తెచ్చి పెట్టాడు బుజ్జిబాబు. వీరవేణి ఒకసారి చూసి ఆల్బం మూసేసింది.

"గోడకి అంటించిన కాయితంలాగున్నాడే నా కొడుకు" అంది.

హైమకి ఒక్క చూపులో తెలిసింది. అందరి కాళ్ళ కిందా నీడ ఉంది, చక్రి కాళ్ళ కింద లేదు. బుజ్జిబాబుకి ఫోన్ చేసి అడిగితే అతను ఏమాత్రం తడుముకోకుండా, "పోయినోళ్ళకి నీడ వెయ్యమండి మేము. మా మావయ్య దగ్గర పని నేర్చుకున్నప్పట్నించీ అంతేనండి. వేస్తే ఇంటికి మంచిది కాదంటారు" అన్నాడు.

హైమ నవ్వుకుంది. నీడ వెయ్యడం చేతకాక పెట్టుకున్న ఆచారం అనుకుంది. అనుకోదూ మరి, నీడలు వెయ్యడమే ఆమె ఉద్యోగమయ్యె.

కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లాబ్‌లో సోమయాజులుగారి దగ్గర ఆమె పనిచేస్తోంది. ఫొటోలో లేనిదాన్ని తెచ్చి ఫొటోలో పెట్టడం ఈ రోజుల్లో చిన్నపిల్లలు కూడా చేస్తున్నారు. తంటా అంతా నీడ దగ్గరే వస్తుంది. దీపం ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా నీడ వేస్తే, చూసినవాడికి ఎందుకో తెలియకపోయినా తేడా కొడుతుంది. సోమయాజులుగారూ హైమా కలిసి ఏళ్ళ తరబడి తయారుచేసిన ప్రోగ్రాం ఆ తేడా లేకుండా చేస్తుంది. దానికి జతనీడ అని పేరు పెట్టుకున్నారు. ఫొటోలో ఉన్న బిందె మెరుపూ, ఎవరిదో కళ్ళజోడులో తళుకూ, ముక్కు పక్క చీకటీ చూసి అది ఆ గదిలో ఎక్కడెక్కడ ఏ దీపం ఉందో కనిపెట్టేస్తుంది. ఎన్ని దీపాలుంటే అన్ని నీడలు వేస్తుంది.

ఆదివారం పూట హైమ తల్లిని లాబ్‌కి తీసుకెళ్ళి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. బుజ్జిబాబు దగ్గర్నించి తెప్పించిన అసలు ఫొటో తెర మీద తెరిచింది, ఆ ఖాళీతో సహా. చక్రిని తెచ్చి అందులో పెట్టి, జతనీడని నడిపించింది. ముందు కాళ్ళ దగ్గర నేల నల్లబడింది. తరవాత వీడియోవాడి పెద్ద లైటు వల్ల పడాల్సిన నీడ, చక్రి చెయ్యి నీడ, తల్లి ఎడమ భుజం మీద పడింది. ఆమె ఆకుపచ్చ పట్టుచీర రంగు చక్రి చొక్కా అంచుకి ఉందా లేదా అన్నంతగా అంటుకుంది. అంతవరకూ అతికించినట్టున్న మనిషి ఒక్కసారిగా కాళ్ళ మీద నిలబడ్డాడు.

వీరవేణి తన ఎడమ భుజం తడుముకుంది.

"వచ్చేడే" అంది. ఇంక ఏడుపు ఆగలేదు.

హైమ కూడా ఏడ్చింది. చదువుకున్న చదువంతా ఆ వేళకి పనికొచ్చిందని సంతోషించింది కూడా. ఫొటో పెద్దది చేయించి హాల్లో తగిలించారు. పల్లవికి ఫోన్‌లో పంపారు, పిఠాపురంలో ఆమె అత్తవారింటికి ఒకటి ఫ్రేము కట్టించి ఇచ్చారు. బుజ్జిబాబు ముచ్చటపడి తన స్టూడియో అద్దాల్లో పెట్టుకున్నాడు. ఆచారం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వీరవేణి మళ్ళీ వేళకి తినడం మొదలుపెట్టింది. పూలమొక్కలకి నీళ్ళు పొయ్యడం, పక్కింటావిడతో కబుర్లు, అన్నీ మెల్లిగా తిరిగొచ్చాయి. కొడుకు మాట వస్తే ఇదివరకు నోట మాట వచ్చేది కాదు, ఇప్పుడు చెప్పుకుంటోంది. ఆ రోజు భోజనాల దగ్గర గుత్తివంకాయ రెండుసార్లు వేయించుకున్నాడంది. హైమ పట్టించుకోలేదు, ఎప్పటి భోజనమో చెబుతోందనుకుంది. కానీ ఒకరోజు పల్లవి అత్తగారు పిఠాపురం నించి వచ్చి, కాఫీ తాగుతూ హాల్లో ఫొటో వంక చూసి, "మీ అబ్బాయి ఎంత కలివిడిగా ఉండేవోడండి. మావాళ్ళందర్నీ బాబాయిగారూ, పిన్నిగారూ అని పలకరించేడు" అంది.

ఆవిడ చక్రిని జన్మలో చూడలేదు. సంబంధం కుదిరేనాటికే అతను లేడు. మర్యాదకి అంటోందేమోలే అని హైమ సరిపెట్టుకుంది, కానీ ఆ మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకునే ఉండిపోయింది.

అది ఎందుకు గుచ్చుకుందో నూకరాజు చెప్పాడు. నూకరాజు లాబ్‌లో అటెండరు. ఒకనాటి పొద్దున టీ పట్టుకొచ్చి, వెళ్ళబోతూ ఆగాడు.

"మన గేటు దగ్గర బొండాల బండి ఎత్తించేసేరేంటండి మేడంగారూ?"

"ఏ బండి?"

"అదేనండి, వేపచెట్టు కింద ముసలాయనది. ఎండాకాలమంతా అక్కడే తాగేనండి నేను. నీళ్ళు కాస్త ఉప్పగా ఉండేయిగానీ, మనిషి మంచోడు. లేత కొబ్బరి గీకి ఇచ్చేవోడు."

హైమ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. కాలేజీ గేటు దగ్గర ఎన్నడూ ఏ బండీ లేదు. తణుకులో తీసిన ఫొటోలోంచి ఆ బండిని కత్తిరించి, గేటు ఫొటోలో పెట్టి, నీడ వేసింది ఆమే. జతనీడ బాగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి కాలేజీలో చాలామందికి చూపించి, ఇందులో దొంగబొమ్మ ఏదో పట్టుకోండి అన్నారు. ఎవరూ పట్టుకోలేకపోయారు. నూకరాజు కూడా. ఆ రోజు లాబ్‌లో మిఠాయి పంచుకున్నారు.

"అది మేం పెట్టిన బొమ్మ నూకరాజుగారూ. నిజంగా బండి లేదు."

"ఊరుకోండి మేడంగారూ, తాగినోణ్ణి నేనైతే" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

హైమ ఈ సంగతి చెప్పగానే సోమయాజులుగారు ఆ ఫొటో చూసినవాళ్ళనందర్నీ మళ్ళీ పిలిపించి, ఫొటో ఊసు ఎత్తకుండా గేటు గురించి అదీ ఇదీ అడిగారు. కాంటీన్ ఆవిడకి బండి గుర్తుంది. లైబ్రేరియన్‌కి బండివాడి తలపాగా గుర్తుంది. ఒక కుర్రాడు బండివాడితో దెబ్బలాట కూడా పెట్టుకున్నాడట. అదే బండికి పాత పద్ధతిలో, చేత్తో నీడ వేసిన ఫొటోని అప్పట్లో వేరే కొంతమందికి చూపించారు, వాళ్ళలో ఒక్కరికీ ఏ బండీ గుర్తు లేదు.

సోమయాజులుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"మనిషి వస్తువుని అనుమానిస్తాడమ్మా, నీడని అనుమానించడు" అన్నారు. "నీడ సరిగ్గా సరిపోయిందంటే, అది ఆ నేల మీద నిలబడిందని లోపల రాసేసుకుంటాడు. ఇంక మిగతాదంతా వాడి బుర్రే అల్లుకుంటుంది, ఉప్పనీళ్ళతో సహా. మనం వెతికింది ఇది కాదు కదా."

"కంపెనీవాళ్ళకి చెబుదామా సార్? ఆపెయ్యమందామా?"

పరిశోధనకి డబ్బిచ్చేది ఒక ఫోన్ల కంపెనీ. సోమయాజులుగారు ఆ సాయంత్రమే వాళ్ళకి రాశారు. జవాబు తొందరగానే వచ్చింది. అభినందనలు చెప్పారు. ఇది లోపం కాదు, ఇంత గొప్ప గుణం ఉందని ఇన్నాళ్ళూ చెప్పలేదేం అన్నారు. వచ్చే వేసవికి ప్రతి ఫోన్‌లోనూ ఉండాలన్నారు. సోమయాజులుగారు ఆ జవాబు చదివి బెంగగా కూర్చున్నారు. హైమ మాత్రం అక్కడ లేదు, ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో అంతకన్నా ముందే మొదలైంది. పల్లవికి అప్పుడు ఏడో నెల. తొలిచూలు పురుడు పుట్టింట్లో పొయ్యాలి. వెళ్ళి తీసుకురావాలి, చలిమిడి చెయ్యాలి, అత్తవారు ఎదురుచూస్తున్నారు. వీరవేణి ఆ మాటే ఎత్తడం లేదు. హైమ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"పల్లవిని తీసుకురావడానికి ఎప్పుడు వెళ్దామమ్మా?"

"దాన్ని నా గుమ్మం ఎక్కనివ్వను" అంది వీరవేణి. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు.

"అదేంటమ్మా?"

"మండపం దగ్గర కారెక్కి కూచుని, కుంకంభరిణె ఇంట్లో మర్చిపోయేనన్నయ్యా అంది. రేపు పంపిస్తాంలేవే అంటే వింటేనా. వెండిదంట, అత్తోరు ఏమనుకుంటారంట. గడపలో నిలబడ్డవోణ్ణి బండెక్కించి తరిమింది. చేతిలో తాంబూలం కూడా అలాగే ఉంది వాడికి. అట్నించటే పోయేడు." చేట పక్కన పెట్టేసింది. "దాని పెళ్ళి నా కొడుకుని తినేసిందే."

హైమ తల్లి పక్కన కూలబడింది. "అమ్మా, పెళ్ళినాటికి చక్రి లేడమ్మా. ఏడాది ముందే పోయాడు. సంవత్సరీకం పెట్టి కదా పెళ్ళి చేశాం."

"సంవత్సరీకం పెళ్ళయ్యేకే పెట్టేం. పల్లవీ అల్లుడూ వచ్చేరు, నువ్వే వడ్డించేవు. మర్చిపోయేవేంటే?" జాలిగా చూసింది. "ఆ కంప్యూటర్ల ముందు కూచుని కూచుని నీకు మతి పోతోంది."

పల్లవి వచ్చింది రెండో ఏటి తద్దినానికి. తల్లి తలలో రెండూ ఒకటైపోయాయి. కొడుకు పెళ్ళిలో ఉన్నాడు, ఇప్పుడు లేడు. ఆ రెండిటికీ పొత్తు కుదరాలంటే పెళ్ళి తరవాతే పోవాలి. ఎలా పోయాడో లారీ చెబుతుంది, ఎందుకు వెళ్ళాడో ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ తల్లి మనసు చెప్పేసుకుంది. హైమకి ఇదంతా ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమై ఏం లాభం?

మర్నాడు అసలు ఫొటో అచ్చు తీయించి తెచ్చింది. ఏ కలుపూ లేనిది, బుజ్జిబాబు తీసింది తీసినట్టు. తల్లి చేతిలో పెట్టి, "ఇదమ్మా ఆ రోజు తీసిన ఫొటో. చూడు. చక్రి లేడు. నీకోసం నేను తరవాత కలిపాను, నువ్వు పక్కనే కూర్చున్నావు" అంది.

వీరవేణి ఫొటో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతుర్లో పెట్టి చూసింది. తనకీ హైమకీ మధ్య ఉన్న ఖాళీ మీద వేలితో రాసింది. తిరిగి చూసేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది.

"వాడు నీకేం అన్యాయం చేసేడే?"

"ఏంటమ్మా?"

"ఎందుకు తీసేసేవు వాణ్ణి?"

"తియ్యలేదమ్మా. అసలుదే ఇది."

"అసలుదైతే ఈ చోటేంటి? ఇంతమందిమీ ఒకళ్ళనొకళ్ళం రాసుకుని నిలబడి, నీకూ నాకూ మధ్యన మాత్రం ఇంత చోటు ఎందుకు వదుల్తామే? నా పక్కన నా కొడుకు నిలబడ్డాడు కాబట్టి వదిలేను. చెరిపెయ్యడం కూడా నేర్చుకున్నావన్నమాట."

బుజ్జిబాబు జరగమన్నాడని హైమ ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు. సరే, అతన్నే అడుగుదామని హైమ స్టూడియోకి వెళ్ళింది. బుజ్జిబాబు అద్దాల్లో ఫొటో వంక ఆప్యాయంగా చూసి, "అవునండి, జరగమన్నాను. చక్రిబాబు లేటుగా వచ్చేరు కదండి, ఆయనకి చోటు కావాలిగా. తెల్లచొక్కాలో బలే ఉన్నారండి ఆ రోజు. పాపం, ఆ రోజే కదండి పోయింది" అన్నాడు. ఇంక సాక్ష్యం చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. పెళ్ళికొచ్చినవాళ్ళందరికీ ఆ ఫొటో ఎప్పుడో చేరిపోయింది.

హైమ అక్కణ్ణించి నడుచుకుంటూ వస్తుంటే, చక్రి పెళ్ళిలో గుత్తివంకాయ వేయించుకోవడం కళ్ళకి కట్టింది. వడ్డించే కుర్రాడి మోచెయ్యి కూడా కనబడింది. రోడ్డు మీదే ఆగిపోయింది. లేడు, వాడు లేడు, అప్పటికే పోయాడు అని పైకి అనుకుంటూ నడిచింది. ఆమెకి తల్లి మీద కోపం వచ్చింది, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

పిఠాపురంలో పల్లవి పరిస్థితి ఏమీ బాగాలేదు. హైమ చూడ్డానికి వెళ్తే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్ళు పొంగి ఉన్నాయి.

"అమ్మ అన్నదాంట్లో తప్పేముందక్కా? నేనే పంపేను. వెండి భరిణె. నాకు గుర్తుంది."

"నీ భరిణె సంచిలోనే ఉందే. నేనే సర్దాను."

"కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి నా నెత్తి మీద మొట్టేడక్కా. ఇప్పుడే తెస్తానే ఏడుపుగొట్టు మొహమా అన్నాడు." పల్లవి కళ్ళు మూసుకుంది. "నా బిడ్డని నేను ఎత్తుకోను. అన్నయ్యని పంపిన చేతుల్తో ఎత్తుకోను."

పల్లవి అత్తగారు హైమని బయటికి పిలిచి, డాక్టరమ్మ అన్న మాట చెప్పింది. అన్నం మానేసింది, బీపీ దిగడం లేదు, ఇలాగే ఉంటే తల్లికీ పిల్లకీ ప్రమాదమేనంది. "మీ అమ్మగారు ఒక్కసారి వచ్చి, నీ తప్పు లేదే అంటే తేరుకుంటాదండి. కన్నతల్లి గుమ్మం ఎక్కొద్దంటే ఏ పిల్ల మాత్రం తట్టుకుంటాది?" అంది. ఆవిడ మంచిదే. చక్రి తనని పిన్నిగారూ అన్నాడని ఆవిడ కూడా నమ్ముతోంది.

హైమ తిరిగి వచ్చే బస్సులో ఒక నిర్ణయానికి వచ్చింది. నిజం చెబితే వినేవాళ్ళు లేరు. పెళ్ళిలో చక్రి ఉన్నాడన్నది ఎవరి తలలోంచీ ఊడి రాదు. అయితే ఇంకోటి దాని మీద పెట్టొచ్చు. పెళ్ళయిన మర్నాడు కూడా చక్రి బతికే ఉన్నాడని ఇంకో ఫొటో చెబితే, పల్లవి భరిణె కోసం పంపినా అతను క్షేమంగా తిరిగొచ్చినట్టే లెక్క. కానీ అతను ఎలాగూ ఏదో ఒకరోజు ఆ కాలవ రోడ్డు మీదికి వెళ్ళాలి. ఎవరో ఒకరు పంపాలి. బస్సు సర్పవరం దాటేసరికి ఎవరు పంపాలో కూడా ఆమె తేల్చేసుకుంది.

లాబ్ మెట్ల మీద తను ఒంటరిగా నిలబడ్డ ఫొటో ఒకటుంది, ఎప్పుడో మధ్యాహ్నపు ఎండలో నూకరాజు సరదాగా తీసింది. మెట్ల కింద చక్రిని అతని మోటారుసైకిల్ మీద కూర్చోబెట్టింది. సోమయాజులుగారు వెనక నిలబడి చూసి, ఏం చేస్తోందో అర్థం చేసుకున్నారు.

"వద్దమ్మా. దీనికి విరుగుడు మన దగ్గర లేదు. నీ మీదికి తెచ్చుకుంటున్నావు."

"పల్లవి మీద నించి తియ్యాలి సార్. ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా."

"పోనీ ఎవరూ లేని రోడ్డు మీద పెట్టు. వాడంతట వాడే వెళ్ళాడనుకుంటారు."

"మా అమ్మ అలా అనుకోలేదు సార్. ఆవిడకి ఎవరో ఒకరు కావాలి. ఖాళీ వదిలితే మళ్ళీ పల్లవినే తెచ్చి పెడుతుంది."

అదే నెలలో ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు, కంపెనీవాళ్ళు వేరే ఆయన్ని పెట్టుకున్నారు. హైమ మాత్రం ఆ ఎండకి సరిపోయే నీడ కోసం చాలా కష్టపడింది. జతనీడ వేసింది సరిపోలేదని బండి చక్రం ఊచల నీడలు మెట్ల అంచు మీద విరిగే చోట తనే మళ్ళీ మళ్ళీ సరిచేసింది. పెళ్ళి ఫొటోకి అంత శ్రద్ధ పెట్టలేదు. వారం రోజులు ఆ తెర ముందు నించి లేవలేదు.

ఫొటో తీసుకెళ్ళి తల్లికిచ్చింది. ఒక్క ముక్క చెప్పింది. "పెళ్ళయిన మర్నాడు చక్రి నా దగ్గరికొచ్చాడమ్మా. నేనే పని మీద పంపాను. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను."

వీరవేణి ఫొటో చూసి బీరువాలో పెట్టుకుంది. పల్లవి ఫోన్‌కీ హైమ అదే పంపింది. హైమ రోజూ తల్లి మొహం చూస్తోంది. ముందు ఆమె హైమతో మాట్లాడ్డం తగ్గించింది. ఆ తరవాత వడ్డించడం మానేసింది, కంచం పెట్టి పక్కకి తప్పుకునేది. ఒకరోజు తెల్లవారుజామున వంటింట్లోంచి పచ్చిపిండి, బెల్లం వాసన వచ్చింది. వీరవేణి చలిమిడి చేస్తోంది. కొత్త చీర, పళ్ళూ సర్దుకుని, పిఠాపురానికి ఆటో మాట్లాడమంది. గుమ్మం దిగుతూ ఆగింది.

"నేను పల్లవిని తీసుకొచ్చేసరికి నువ్వీ ఇంట్లో ఉండకు. నీ మొహం చూస్తే నాకు వాడు బండెక్కి వెళ్ళడమే కనబడతంది. కన్నదాన్ని గనక తిట్టలేకపోతన్నాను. వెళ్ళిపో."

హైమ తలూపింది. అంతా తను అనుకున్నట్టే జరిగింది. రెండు సంచులు సర్దుకుని కాలేజీ దగ్గర ఆడవాళ్ళ హాస్టల్లో చేరింది.

పల్లవి పుట్టింటికొచ్చింది. అన్నం తింది, తల్లి ఒళ్ళో పడుకుంది, బీపీ దిగింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. ఈ కబుర్లన్నీ హైమకి పక్కింటావిడ ద్వారా తెలిశాయి. ఆమె హాస్టల్ గదిలో కూర్చుని పిల్ల ఎవరి పోలికో ఊహించుకునేది. పల్లవి కాస్త కోలుకోనీ, అప్పుడు చెప్పేద్దాం అనుకుంది. అమ్మకి చెప్పక్కర్లేదు, పల్లవికి చాలు. ఈ లోకంలో ఒక్కరికైనా నిజం తెలిసి ఉండాలి కదా. ఆ ఒక్క ఆశే ఆమెని నిలబెట్టింది.

బారసాల ముందు రోజు పల్లవే ఫోన్ చేసింది.

"అక్కా, రేపు నువ్వు రాకు. అమ్మ ఒప్పుకోవట్లేదు."

"తెలుసే. పాప ఎలా ఉంది?"

"బావుంది. అమ్మని అనడం కాదక్కా. నువ్వు రావడం నాకూ ఇష్టం లేదు. ఏమనుకోకు. నా భరిణె వల్లే పోయేడని నేను చచ్చేంత ఏడిస్తే, నువ్వు అన్నీ తెలిసి ఊరుకున్నావు. అన్నయ్యని ఆ ఎండలో ఎందుకు పంపేవక్కా?"

హైమ దీని కోసమే ఎదురుచూసింది. అదంతా నేను చేసిన ఫొటోనే, వాడు పోయింది నీ పెళ్ళికి ముందే అని చెప్పడానికి మాటలన్నీ ఎప్పుడో వరస పెట్టుకుని ఉంచుకుంది. నోరు తెరిచింది.

కళ్ళ ముందు చక్రి బండి స్టాండు తీశాడు. హెల్మెట్ ఏదిరా అంటే, ఇక్కడికేగా అన్నాడు. మెట్ల కమ్మీ ఎండకి కాలిపోయి ఉంది, దాని మీద ఆమె చెయ్యి చురుక్కుమంది. సామర్లకోట స్టేషన్‌లో లాబ్ పార్సిల్ దిగింది, వెళ్ళి తీసుకురారా, నాకు బద్ధకంగా ఉంది అని తనే అంది. పార్సిల్ మాట ఆమె తల్లికి చెప్పలేదు, ఫొటోలో పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎక్కణ్ణించి వస్తుంది, జరిగింది కాబట్టే గుర్తుంది. ఇంత సంగతి ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయాను అనుకుంది.

"పార్సిల్ తెమ్మన్నానే" అంది. "నేను వెళ్ళాల్సింది. బద్ధకించి వాణ్ణి పంపేను. నేనే పంపేను పల్లవీ."

పల్లవి ఫోన్ పెట్టేసింది. హైమ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. పక్కగదిలో అమ్మాయిలు వచ్చి ఏమైందండీ అని అడిగారు. మా తమ్ముడు పోయాడని చెప్పింది.